వీ యూ గేమ్ కన్సోల్ లోపలి మెమరీ చిప్ చదవడం లేదు: చెల్లెలు చేసిన గేమ్ కోర్సులను బయటికి తీయవచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. 2016 వేసవిలో మా మేనమామగారు అమెరికా నుంచి వస్తూ మాకు 32 జీబీల నల్లని వీ యూ కన్సోల్ తెచ్చారు. దాని అడాప్టరు అక్కడి 120 వోల్టులకు చేసినది కావడంతో నాన్నగారు బరంపురం నుంచి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని తెచ్చి బిగించారు. నేనూ, మా చెల్లెలూ, సెలవులకు టెక్కలి నుంచి వచ్చే పిన్ని పిల్లలూ నాలుగేళ్లు దానితోనే ఆడుకున్నాము. 2020లో నేను చదువుకు భువనేశ్వర్ వెళ్లినప్పుడు దానిని అట్టపెట్టెలో పెట్టి బీరువా పైన ఉంచాము. మళ్లీ ఎవరూ తీయలేదు.

గత నెలలో తీసి ఆన్ చేస్తే లోగో వచ్చింది, చాలాసేపు అలాగే నిలిచింది, ఆ తరువాత సిస్టమ్ మెమరీలో సమస్య ఉందని చెబుతూ 160-0103 అనే ఎర్రర్ కోడ్ కనిపించింది. నాలుగైదు సార్లు ప్రయత్నించాను. ఒక్కసారి మాత్రం మెనూ దాకా వెళ్లింది. గేమ్ తెరవబోయేసరికి మళ్లీ అదే కోడ్ వచ్చింది.

నాకు కన్సోల్ ముఖ్యం కాదు, అందులో ఉన్నవి ముఖ్యం. సూపర్ మారియో మేకర్ గేమ్‌లో మా చెల్లెలు తన తొమ్మిదో ఏట నుంచి పదమూడో ఏట వరకు అరవైకి పైగా కోర్సులు, అంటే ఆడుకునే లెవెల్స్, తయారు చేసింది. వాటిలో ఒకటి మా ఊరి రథయాత్ర. పట్టాలమీద కదిలే పలకలతో మూడు రథాలు చేసి, ఒకటి వెళ్లిన తరువాతే ఇంకొకటి కదిలేలా అమర్చింది. మరొకటి మహేంద్రగిరి, కింది నుంచి పైకి ఎక్కుతూనే ఉండాలి. అప్పట్లో ఇంట్లో సరైన ఇంటర్నెట్ లేనందువల్ల వాటిలో ఒక్కటి కూడా అప్‌లోడ్ చేయలేదు. ఆమె ఇప్పుడు డిజైన్ కోర్సు ప్రవేశానికి పోర్ట్‌ఫోలియో సిద్ధం చేసుకుంటోంది, చిన్ననాటి ఈ పనులను అందులో చూపించాలని ఎంతో ఆశగా ఉంది. గేమ్ కన్సోల్ లోపలే ఇన్‌స్టాల్ అయి ఉంది, మా దగ్గర డిస్క్ లేదు.

ఇక్కడి మొబైల్ రిపేరు షాపులో చూపిస్తే, మెమరీ చిప్‌ను హాట్ ఎయిర్‌తో వేడి చేసి మళ్లీ కూర్చోబెడితే పనిచేయవచ్చని చెప్పారు. సరేనని బయానా కూడా ఇచ్చాను, కానీ మనసు ఒప్పక ఇంకా కన్సోల్ ఇవ్వలేదు. చిప్‌ను ఊడదీసి రీడర్‌లో పెట్టి చదివించడం మంచిదా, వేడి చేయించడం మంచిదా, లేక వేరే మార్గం ఉందా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బరంపురం, గంజాం జిల్లా)

ముందుగా ఒక్క మాట. బయానా పోయినా ఫరవాలేదు, కన్సోల్‌ను వేడి చేయనివ్వకండి. నేను ఇరవై ఏళ్లుగా బోర్డుల పని చేస్తున్నాను, హాట్ ఎయిర్ పట్టుకోని రోజు లేదు. అయినా మీ సమస్యకు అది మందు కాదు. చిప్ కింది సోల్డర్ పగిలి సంబంధం తెగినప్పుడు వేడి చేస్తే అతుక్కోవచ్చు. మీ కన్సోల్ ఒకసారి మెనూ దాకా వెళ్లి గేమ్ దగ్గర ఆగిందంటే సంబంధం తెగలేదు. చిప్ లోపల కొన్ని చోట్ల రాత చెదిరింది.

ఆ చెదరడం ఎలా జరుగుతుందో తెలిస్తే వేడి ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. వీ యూలో మీ గేములూ సేవ్‌లూ ఉండేది ఈఎంఎంసీ అనే చిప్‌లో. ఫ్లాష్ మెమరీ, దానిని నడిపే కంట్రోలర్ రెండూ ఒకే నల్లని బిళ్లలో ఉంటాయి. ఇందులోని ఒక్కొక్క గడిలో రెండు బిట్లు ఉంటాయి. అంటే గడిలో ఉన్న విద్యుదావేశాన్ని నాలుగు మట్టాలుగా విడదీసి చదవాలి. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పడి ఉంటే ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా కారుతుంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో బీరువా పైన ఎంత వేడిగా ఉంటుందో మీకు తెలిసినదే. కొద్దిపాటి తప్పులను కంట్రోలర్ తనంతట తానే సరిదిద్దుకుంటుంది. అవి మితిమీరితే ఆ భాగాన్ని చదవలేనని చేతులెత్తేస్తుంది, కన్సోల్ మీకు ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. సీసం లేని సోల్డర్ కరగాలంటే సుమారు 217 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అసలే మట్టాలు కలిసిపోతున్న గడులకు అంత వేడి తగిలిస్తే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

ఇక రెండో సంగతి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఈఎంఎంసీలోని డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దానిని విప్పే తాళంచెవి ఆ చిప్‌లో లేదు, కన్సోల్ ప్రధాన చిప్‌లోని ఓటీపీలో ఉంది. ఇది బ్యాంకు నుంచి ఫోన్‌కు వచ్చే ఓటీపీ కాదు. ఫ్యాక్టరీలో ఒక్కసారి మాత్రమే రాయగలిగి, ఆ తరువాత ఎవరూ మార్చలేని 1024 బైట్ల మెమరీని ఇక్కడ ఓటీపీ అంటారు. ఏ కన్సోల్ తాళంచెవి దానిదే. కాబట్టి ఇంకొక వీ యూ కొని అందులో మీ చిప్ పెట్టినా అది మీ డేటాను చదవలేదు. పెట్టె ఒక చోట, తాళంచెవి ఇంకొక చోట ఉన్నాయి కాబట్టి ముందు తాళంచెవికి నకలు తీసుకోవాలి, ఆ తరువాతే పెట్టె మీద చేయి వేయాలి. చిప్ ఊడదీసే ప్రయత్నంలో బోర్డు చెడిపోతే, చిప్ ఎంత చక్కగా చదివినా మీకు దక్కేది అర్థం లేని అంకెల కుప్ప.

ఆ నకలు తీయడానికి కన్సోల్ విప్పనవసరం కూడా లేదు. కన్సోల్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మొదలయ్యే భాగం ఈఎంఎంసీలో కాదు, 512 ఎంబీల వేరే ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. అందుకే మీకు లోగో వస్తోంది. కన్సోల్ యూఎస్‌బీ పరికరాలను గుర్తుపట్టే పద్ధతిలో ఉన్న ఒక లోపాన్ని ఉపయోగించుకునే యూడీపీఐహెచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2022 నుంచి అందుబాటులో ఉంది. దానికి రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు ఒకటి కావాలి. పికో మీద ఉన్న బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటరుకు కలిపితే అది పెన్ డ్రైవ్‌లా కనిపిస్తుంది, యూడీపీఐహెచ్ ఫైలును అందులోకి కాపీ చేయండి. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఎస్‌డీ కార్డులో రికవరీ మెనూ ఫైలును ఏ ఫోల్డరులోనూ పెట్టకుండా నేరుగా వేసి కన్సోల్‌లో పెట్టండి. కన్సోల్ ఆన్ చేసి, టీవీలో లోగో కనబడిన వెంటనే పికోను ముందున్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చండి. సమయం కుదరడానికి ఆరేడు సార్లు పట్టవచ్చు, నిరాశ పడకండి. కుదిరితే టీవీలో అక్షరాల మెనూ వస్తుంది. ఎజెక్ట్ బటన్‌తో కిందికి జరుగుతూ పవర్ బటన్‌తో ఎంచుకోవాలి.

ఆ మెనూలో ఓటీపీని, ఎస్ఈఈప్రామ్‌ను (కన్సోల్‌లోని ఇంకొక చిన్న మెమరీని) కార్డులోకి కాపీ చేసే ఎంపికను మొదట వాడండి. తరువాత సిస్టమ్ లాగ్‌లను (కన్సోల్ తన పనితీరును రాసుకునే ఫైళ్లను) కాపీ చేసే ఎంపికను వాడండి. అంతే, కన్సోల్ ఆపేయండి. ఓటీపీ ఫైలు సరిగ్గా 1024 బైట్లు, ఎస్ఈఈప్రామ్ ఫైలు 512 బైట్లు ఉండాలి. వాటిని కనీసం రెండు చోట్ల దాచి ఇక్కడ తెలియజేయండి. అప్పటిదాకా కన్సోల్‌ను ఊరికే ఆన్ చేసి చూడవద్దు, సెట్టింగులలో ఫార్మాట్ జోలికి అసలు వెళ్లవద్దు.

జవాబు (రాయగడ)

పై పెద్దలు చెప్పినది అక్షరాలా నిజం. నాకు తెలియక చేతులు కాల్చుకున్న సంగతి ఒకటి మీకు ఉపయోగపడవచ్చని రాస్తున్నాను. మూడేళ్ల క్రితం మా అబ్బాయి వీ యూకు ఇదే కోడ్ వచ్చింది. ఒక పట్టణంలోని షాపులో ఇస్తే చిప్ ఊడదీసి, సాకెట్ రీడర్‌లో పెట్టి, మొత్తం 32 జీబీలను ఒక్క తప్పు కూడా లేకుండా చదివి హార్డ్ డిస్క్‌లో ఇచ్చారు. అంతా వచ్చేసిందని సంతోషించి, బోర్డు ఇక పనికిరాదని ఇంటి ముందుకు వచ్చిన పాత సామాన్ల బండికి వేసేశాము. తరువాత ఆ ఇమేజ్‌ను (చిప్‌లోని మొత్తం డేటా నకలును) తెరవబోతే ఓటీపీ ఫైలు కావాలన్న సంగతి తెలిసింది. ఆ హార్డ్ డిస్క్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అందులో మా వాడి సేవ్‌లన్నీ ఉన్నాయి, తెరిచే దారి మాత్రం లేదు. దయచేసి బోర్డులోని ఒక్క స్క్రూ కూడా పారేయకండి.

జవాబు (జయపురం, కొరాపుట్ జిల్లా)

మెనూ వచ్చిన తరువాత నేరుగా చిప్ మీద చేయి వేసే పనికి వెళ్లనవసరం లేదేమో చూడండి. అదే మెనూలో వప్‌సర్వర్ అనే ఎంపిక ఉంది. నెట్‌వర్క్ వివరాలను ఎస్‌డీ కార్డులో రాసి పెట్టి దానిని నడిపితే, కంప్యూటరు నుంచి కన్సోల్ ఫోల్డర్లలోకి వెళ్లి కావలసిన ఫైళ్లను మాత్రమే తెచ్చుకోవచ్చు. చిప్ మౌంట్ అవుతున్నంత వరకు, అంటే కన్సోల్ దానిని తెరవగలుగుతున్నంత వరకు, ఇది తేలికైన పద్ధతి. సేవ్ ఫోల్డరు చాలా చిన్నది, నిమిషాల్లో వచ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు (పర్లాకిమిడి)

మీ అందరికీ నమస్కారాలు. బయానా షాపువారు తిరిగి ఇచ్చేశారు, అందుకు వారికి కృతజ్ఞతలు. మా స్నేహితుడు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ నుంచి పికో తెచ్చి ఇచ్చాడు. మొదటి రోజు పదకొండు సార్లు గుచ్చినా ఏమీ రాలేదు. రెండో రోజు చెల్లెలు రిమోట్ పక్కన పెట్టి, టీవీకి దగ్గరగా కూర్చుని, లోగో రాగానే "ఇప్పుడు" అంటుంటే నేను గుచ్చాను. మూడోసారికి మెనూ వచ్చింది. ఓటీపీ 1024 బైట్లు, ఎస్ఈఈప్రామ్ 512 బైట్లు, సరిగ్గా మీరు చెప్పిన లెక్కే. ఇద్దరి ల్యాప్‌టాప్‌లలోనూ, ఒక పెన్ డ్రైవ్‌లోనూ దాచాము.

జయపురం వారు చెప్పిన వప్‌సర్వర్ కూడా ప్రయత్నించాను. ఫోల్డర్ల పేర్లు కనిపించాయి, కొన్ని చిన్న ఫైళ్లు వచ్చాయి. మారియో మేకర్ సేవ్ ఫోల్డరులోకి వెళ్లి కాపీ మొదలుపెడితే తొమ్మిదో కోర్సు దగ్గర ఆగిపోయి మళ్లీ కదలలేదు. కన్సోల్ ఆపి ఆన్ చేస్తే ఈసారి చిప్ మౌంట్ కూడా కాలేదు. భయమేసి ఆపేశాను. లాగ్‌లలో ఈఎంఎంసీ చదవడంలో విఫలమైనట్లు చెప్పే వరుసలు చాలా ఉన్నాయి. ఇంకా ఆశ ఉందా?

జవాబు (బరంపురం, గంజాం జిల్లా)

తప్పకుండా ఉంది. మీరు ఆపడమే మంచి పని. ఫైలు ఫైలుగా అడిగితే చెడిన చోట కంట్రోలర్ మొరాయించి మొత్తం పని నిలిచిపోతుంది. ఇలాంటప్పుడు ఫైళ్ల సంగతి మరచిపోయి, చిప్‌ను ఈ చివర నుంచి ఆ చివర వరకు సెక్టార్ల (డేటా చిన్న ముక్కల) వరుసగా ఇమేజ్ తీయాలి. ఈఎంఎంసీకి ఒక వెసులుబాటు ఉంది. ఎనిమిది డేటా తీగలు ఉన్నా ఒక్క తీగతో కూడా మాట్లాడుతుంది. క్లాక్, కమాండ్, మొదటి డేటా తీగ, గ్రౌండ్ సరిగ్గా అతికితే మామూలు ఎస్‌డీ కార్డు రీడర్‌తోనే దానిని చదవవచ్చు. చిప్‌ను బోర్డు నుంచి కదిలించనవసరం లేదు. అయితే ఆ బిందువులు ఆవగింజంత ఉంటాయి, మైక్రోస్కోపు కింద చేయవలసిన పని. మీరు ఇంట్లో చేయవద్దు. వచ్చే ఆదివారం వీలు చూసుకుని కన్సోల్, అడాప్టరు, ట్రాన్స్‌ఫార్మర్, ఓటీపీ ఫైలు పట్టుకుని రండి. కన్సోల్ పెట్టెకు మూడు రెక్కల స్క్రూలు ఉంటాయి, వాటికి తగిన డ్రైవరు నా దగ్గర ఉంది. వంటగదిలోని కత్తితో తిప్పవద్దు.

జవాబు (బరంపురం, గంజాం జిల్లా), పది రోజుల తరువాత

ఇలాంటి ఇబ్బందిలో ఉన్న ఇతరులకు ఉపయోగపడుతుందని పని జరిగిన తీరు రాస్తున్నాను. తీగలు అతికించాక లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్ మొదలుపెట్టాను. మామూలు కాపీ ప్రోగ్రాము చెడిన చోట తల బాదుకుంటూ కూర్చుంటుంది. ఇది మాత్రం మొదటి విడతలో చెడిన చోటును దాటేసి, బాగున్నదంతా ముందు తెచ్చుకుంటుంది. ఎక్కడెక్కడ దాటేసిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైలు ఉంటే ఎన్నిసార్లు ఆపినా ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. చచ్చిపోతున్న చిప్ విషయంలో మ్యాప్ ఫైలు లేకుండా పని మొదలుపెట్టడం తప్పు.

ఒక్క తీగ మీద వేగం తక్కువ. చిప్ ఆరోగ్యంగా ఉంటే నాలుగు గంటలలో అయ్యే పని మాకు రెండు రాత్రులు పట్టింది. చెడిన చోట కంట్రోలర్ పూర్తిగా మూగబోయేది. రీడర్ కంప్యూటరు నుంచి మాయమయ్యేది. అప్పుడు చిప్‌కు కరెంటు తీసేసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ ఇచ్చి, మ్యాప్ సాయంతో కొనసాగించాను. ఒక ప్రాంతంలో ముందు నుంచి వెళితే ప్రతిసారీ మూగబోతోంది. అక్కడ డీడీరెస్క్యూను వెనుక నుంచి ముందుకు చదివించాను, ఆ ప్రాంతంలో చాలా భాగం వచ్చింది. మిగిలిన చెడ్డ సెక్టార్లను మూడు విడతలు మళ్లీ అడిగాను. కొన్ని రెండో విడతలో లొంగాయి. చివరికి మొండికేసి మిగిలినవి కొన్ని మెగాబైట్లు మాత్రమే.

ఇమేజ్ పూర్తయ్యాక దాని నకలు మీద మాత్రమే పనిచేశాను. వీ యూ వాడే ఫైల్ సిస్టమ్ పేరు డబ్ల్యూఎఫ్ఎస్. దానిని విప్పే డబ్ల్యూఎఫ్ఎస్ టూల్స్ అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. వాటికి ఇమేజ్‌తో పాటు ఓటీపీ ఫైలు ఇవ్వాలి. లోపలి చిప్‌కు ఓటీపీ ఒక్కటి చాలు. బయటి యూఎస్‌బీ డిస్క్‌లో గేములు పెట్టుకున్నవారికి ఎస్ఈఈప్రామ్ ఫైలు కూడా కావాలి. అందుకే మొదటే రెండూ తీయమన్నాను. ప్రోగ్రామ్ నడిపిన నిమిషంలోనే ఫోల్డర్ల చెట్టు కనిపించింది. చెడిన సెక్టారు ఒక ఫైలు మీద పడితే ఆ ఫైలు ఒక్కటే పోతుంది, డైరెక్టరీ వివరాలున్న బ్లాకు మీద పడితే దాని కిందివన్నీ కనిపించకుండా పోతాయి. ఇక్కడ సేవ్ డైరెక్టరీ క్షేమంగా ఉంది.

ప్రశ్న అడిగినవారు (పర్లాకిమిడి)

బరంపురం అన్నయ్యగారు కూలి ఎంత అడిగినా ఇవ్వడానికి సిద్ధపడి వెళ్లాను. తీగల ఖర్చు మాత్రమే తీసుకున్నారు. రెండు రాత్రులు ఆయన మేలుకున్నదానికి నేను ఏమిచ్చినా తక్కువే.

సేవ్ ఫోల్డరులో సున్నా నుంచి మొదలై మూడంకెల వరుస సంఖ్యలతో కోర్సు ఫోల్డర్లు ఉన్నాయి. ఈ గేమ్‌లో 120 కోర్సులు దాచుకోవచ్చు. చెల్లెలివి 64 ఉన్నాయి. ఒక్కొక్క ఫోల్డరులో కోర్సు డేటా ఫైళ్లు రెండు, చిన్న బొమ్మల ఫైళ్లు రెండు. గేమ్ ఫోల్డరు కూడా పూర్తిగా వచ్చినందువల్ల, రెండింటినీ ల్యాప్‌టాప్‌లో సెము ఎమ్యులేటరులో (వీ యూ గేములను కంప్యూటరు మీద నడిపే ప్రోగ్రాములో) పెట్టి తెరిచాము. 61 కోర్సులు తెరుచుకున్నాయి. మూడింటి డేటా ఫైళ్లు చెడిపోయాయి, వాటిలో రెండింటికి చిన్న బొమ్మలు మిగిలాయి కాబట్టి అవి ఏవో చెల్లెలు గుర్తుపట్టింది. మహేంద్రగిరి తెరుచుకుంది. రథయాత్ర కూడా తెరుచుకుంది. మూడు రథాలూ కదిలాయి, ఒకటి వెళ్లాకే ఇంకొకటి. ఆమె ఇప్పుడు వాటిని వీడియోలుగా రికార్డు చేసుకుంటోంది.

రాయగడ వారికి ఒక మనవి. మీ హార్డ్ డిస్క్‌ను ఎప్పటికీ చెరపకండి. బండికి వేసిన బోర్డు ఎక్కడైనా పాత ఎలక్ట్రానిక్ సామాన్ల గోదాములో మిగిలి ఉండే అవకాశం ఉంటుంది. మూడేళ్లయినా ఒకసారి వాకబు చేయండి. ఓటీపీ ఈఎంఎంసీలో లేదు కాబట్టి, చిప్ లేని ఖాళీ బోర్డు దొరికినా చాలు.

జవాబు (రాయగడ)

మీ మాట మీద నిన్న ఆ పాత సామాన్ల కొట్టుకు వెళ్లాను. కొట్టు యజమాని కంప్యూటరు బోర్డుల బస్తాలు ఇంకా రెండు అమ్మలేదని చెప్పి, వెతుక్కోమన్నారు. ఒక బస్తా చూశాను, దొరకలేదు. రెండోది ఆదివారం విప్పుతాము, మా అబ్బాయి కూడా వస్తానన్నాడు. బోర్డు దొరికితే చిప్ లేకుండా ఓటీపీ తీయడం ఎలాగో బరంపురం వారిని అడుగుతాను.

జవాబు (బరంపురం, గంజాం జిల్లా)

దొరికితే తుడవకుండా, కడగకుండా, పొడి కాగితంలో చుట్టి తీసుకురండి. యూడీపీఐహెచ్ పనిచేస్తే సరి, లేకపోతే పికోతోనే చేసే డీ ఫ్యూజ్ అనే మరో పద్ధతి ఉంది. దానికి బోర్డు మీద కొన్ని తీగలు అతికించాలి, ఆ పని నేను చూసుకుంటాను.